పిల్లల మధ్యకర్ణములో నీరు



నాలుగేండ్ల పిల్లవాడు వెనుకనుండి పిలిచినచో పలుకక, ఎదుట నిలిచి పిలిచినచో వెంటనే పలుకుచు, టీవీ శబ్దమును పెంచుమని మారాము చేయుచు, చెప్పిన మాటనే మరల మరల అడుగుచుండగా, వానిని పెంకివాడనియో పరధ్యానపువాడనియో దండించుట మన యిండ్లలో సర్వసాధారణము. అట్టివారిలో కొందరి దోషము బుద్ధిలో లేదు, చెవిలో నున్నది.

కర్ణభేరికి వెనుక గాలితో నిండిన చిన్న గది కలదు. దానికి గాలి నందించు త్రోవ ముక్కు వెనుకనుండి బయలుదేరు సన్నని నాళము. ఇది 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడగు యుస్టేషియస్ పేర ప్రసిద్ధము. మనము గుటక వేసినప్పుడు తెరచుకొను ఈ నాళము పెద్దలలో ఏటవాలుగా నుండగా, పసివారిలో పొట్టిదై ఇంచుమించు అడ్డముగా నుండుటచేత, జలుబు చేసినను, సమీపమున నున్న అడినాయిడ్లు అను గ్రంథులు వాచినను సులభముగా మూసికొనిపోవును. అంతట లోని గాలిని గది పొర పీల్చుకొనును. ఆ లోటున నీరు ఊరి, క్రమముగా జిగురుగా చిక్కబడును. ముత్యపుడాలుతో మెరయవలసిన కర్ణభేరి దీపము వేసి చూచినప్పుడు పసుపువన్నెతో మసకబారి, ఒక్కొక్కప్పుడు దాని వెనుక గాలిబుడగలు సైతము కానవచ్చును.

ఇందు తరచుగా నొప్పి యుండదు, జ్వరము రాదు, చీము కారదు. కనుకనే తల్లికి అనుమానము రాదు. వినికిడి తరుగు సాధారణముగా 20 నుండి 30 డెసిబెల్లులే యైనను, మాటలు నేర్చు వయస్సున అది స్వల్పము కాదు.

వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయుట పెద్దల వాత్సల్యమునకు గుర్తే గాని, నూనె కర్ణభేరికి ఇవతలనే నిలుచును, నీరున్నది అవతల. యాంటీబయాటిక్కులును జలుబు మందులును దీనికి పనికిరావు. పెక్కుమందికి మూడు నెలలలో నీరు తనంతట తానే ఇంకిపోవును. కావున తొందరపడి శస్త్రచికిత్సకు పోనక్కరలేదు. ఆపైనను రెండు చెవులలో నీరు నిలిచి వినికిడి తగ్గియే యున్నచో, కర్ణభేరికి సన్నని గాటు పెట్టి, గ్రోమెట్టు అను చిన్న గొట్టమును అమర్చుదుము. 1954లో అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పునరుద్ధరించిన ఈ పద్ధతిలో, నాళము చేయవలసిన పనిని గొట్టము చేసి, సాధారణముగా ఏడాదిలోపల తానే ఊడి వచ్చును.

ఈ బాధ రాకుండుటకు, బిడ్డ యున్న యింట పొగ త్రాగవలదు. బిడ్డను పడుకోబెట్టి పాలసీసా పట్టవలదు. ఉపాధ్యాయులారా, అనుమానము కలిగిన బిడ్డను మొదటి బల్లపై కూర్చుండబెట్టుడు. తల్లిదండ్రులారా, దండనకు ముందు వినికిడి పరీక్ష చేయింపుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.