‘అమ్మగారు’ అంటే ఎవరు?



తెలుగు క్రైస్తవ సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించమని కబురు వచ్చినప్పుడు మా ఇంట్లో కాసేపు నవ్వుకున్నాం. తెలుగు బైబిల్లో ‘అధ్యక్షుడు’ అంటే సభలో నడిమి కుర్చీలో కూర్చునేవాడు కాదు, బిషప్పు. ఆ లెక్కన నేను ఈ పూటకు బిషప్పుని, మధ్యాహ్నం భోజనాల వేళకి దిగిపోయే బిషప్పుని. మా అమ్మమ్మ ఉంటే ఈ మాటకి నన్ను కోప్పడేది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం ఆ పదవికి అర్హతలు చెబుతుంది. మన అనువాదంలో దాని మొదటి మాట ‘ఎవడైనను’. గ్రీకు మూలంలో ఉన్నది ‘తిస్’. ఆడకీ మగకీ దానికి ఒకటే రూపం. ‘ఎవరైనను’ అన్నా సరిపోయేది. వెంటనే ‘ఏకపత్నీపురుషుడు’ అని ఉంది కదమ్మా అంటారు. ఉంది. ఆ వాదం వేదాంత కళాశాలల్లో నడుస్తోంది, నడవనివ్వండి. నేను తెలుగు పంతులమ్మను, నాకు మాటలతోనే పని. అదే తెలుగు బైబిల్లో రోమా పత్రిక పదహారో అధ్యాయానికి రండి. ఫీబే అనే స్త్రీని ‘పరిచారకురాలు’ అన్నారు. తిమోతి పత్రికలో సంఘ పదవిలో ఉన్న మగవాళ్లకు వాడింది కూడా ‘పరిచారకులు’ అనే మాటే. ఇంగ్లిషువాళ్ల జేమ్సు రాజు బైబిలు మాత్రం మగవాళ్ల దగ్గరకొచ్చేసరికి ‘డీకన్’ అనీ, ఫీబే దగ్గరకొచ్చేసరికి ‘సర్వెంట్’ అనీ అంది. ఒకే గ్రీకు మాటకి రెండు అంతస్తులు కట్టింది. మనవాళ్లు ఆ పని చెయ్యలేదు. ఈ మేలు సంగతి ఎవరూ చెప్పరు గనక నేను చెబుతున్నాను.

అలాగని తెలుగు మరీ అమాయకురాలు కాదు. వ్యాకరణంలో చిన్నయసూరి మాటల్ని మహత్తు, అమహత్తు అని విడదీసిన సంగతి మీకు తెలుసు. ఒక్క స్త్రీ వస్తే ‘వచ్చింది’. బండి వచ్చినా అదే క్రియ. నలుగురు స్త్రీలు కలిసి వస్తే ‘వచ్చారు’, అప్పుడు మనుషుల వరసలో చేరతారు. మన సంఘాల చరిత్ర ఈ సూత్రానికి లక్ష్యంలా నడిచింది. స్త్రీల సమాజం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. వాళ్లు చందాలు పోగుచేస్తారు, కీర్తనలు పాడతారు, పండగకి గుడి అలంకరిస్తారు. వాళ్లలోంచి ఒక్కతె లేచి ప్రభువు బల్ల వెనక నిలబడతానంటేనే వ్యాకరణం అడ్డొచ్చింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసినవాళ్లు ఐదుగురు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ఆ ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లు. ఇరవై నాలుగేళ్లకి, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చిన బోధకులు ఆరుగురు, అందరూ మగవాళ్లే. కొండ మీద లెక్కకొచ్చినవాళ్లు ఏటి దగ్గరికి వచ్చేసరికి ఒడ్డున ఉండిపోయారు.

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. గుంటూరు జిల్లాలో నాలుగైదు ఊళ్లు ఆమె వంతు. మగబోధకుడు గడప తొక్కలేని ఇళ్లలో కూర్చుని చదువు చెప్పింది, వాక్యం చెప్పింది, పురిటి మంచాల దగ్గరా చావు మంచాల దగ్గరా ప్రార్థన చేసింది. పాస్టరుగారి కింద బోలెడు ఊళ్లు, ఆయన మా ఊరికి నెలకో రెణ్ణెల్లకో ఒకసారి వచ్చేవారు. ఆయన వచ్చే ముందు శనివారం రాత్రి ప్రభు భోజనం కోసం ఎండుద్రాక్ష నానబెట్టి, మరగించి, తెల్లగుడ్డలో పిండేది అమ్మమ్మే. తెల్లారి ఆ రసం గిన్నెలో పోసి పెట్టాక దాన్ని ఆమె ముట్టకూడదు. పాస్టరుగారు ఎత్తి ఇస్తే చాప మీద మోకరించి పుచ్చుకునేది. పాస్టరుగారు రాని రోజుల్లో ఎవరైనా చావుబతుకుల్లో పడితే, బల్ల తీసుకోకుండానే పోయేవాళ్లు. పక్కనే కూర్చుని ఉన్నది అమ్మమ్మ. ప్రార్థన చెయ్యొచ్చు, కన్నీళ్లు తుడవొచ్చు, రొట్టె విరవకూడదు. అలా పోయినవాళ్ల పేర్లు ఆమె ముసలితనంలో వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. నాకు బాధ కలిగించేది ఆమెకి దక్కని గౌరవం కాదు, ఆ వేళ్ల లెక్క.

తలుపు తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. గుంటూరు జిల్లా హిందూ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మిన బి.వి. సుబ్బమ్మగారు రాజమండ్రిలో స్త్రీల బైబిలు పాఠశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు, పుస్తకాలు రాశారు. ‘క్రైస్ట్ కన్‌ఫ్రంట్స్ ఇండియా’ 1973లో ఇంగ్లిషులో వచ్చింది. మన స్త్రీల స్వీయచరిత్రల పాఠాల్లో ఆమె పేరు నాకు తగల్లేదు. ఇక 2013లో నంద్యాల అధ్యక్షపీఠం మీద ఇ. పుష్పలలితగారు కూర్చున్నారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు. ఇంగ్లండు సంఘానికి ఆ భాగ్యం 2015లో గాని పట్టలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘాన్ని పుట్టించిన ఐక్యతలో చేరం పొమ్మని మొండికేసిన ఆంగ్లికన్లు నంద్యాలవాళ్లే. మొండివాళ్ల ఊరే ముందు నడిచింది.

పీఠం దొరికింది గానీ పిలుపు దొరకలేదు. పల్లెల్లో పాస్టరు ‘అయ్యగారు’, ఆయన భార్య ‘అమ్మగారు’. ఎన్నో తరాలుగా అంతే. నేనెరిగిన ఒక ప్రెస్బిటరు ఉంది. వేదాంత పట్టా తెచ్చుకుని, డీకనుగా చేసి, హస్తనిక్షేపణ పొంది ఒక పాస్టరేటుకి వెళ్లింది. భర్త బ్యాంకులో గుమాస్తా. వారం తిరక్కుండా ఊరంతా ఆయన్ని ‘అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి’ అని అడగడం మొదలుపెట్టారు. ఆమె ‘అమ్మగారు’ అయింది, అంటే పాస్టరుగారి భార్య అయింది. పాపం ఆయన బెదిరిపోయి ఆదివారాలు వెనక బెంచీలో కూర్చునేవాడట. ‘నన్ను ఎవరూ ఆపలేదు టీచర్, మర్యాదగా పక్కకి జరిపారంతే’ అంది నాతో.

‘పాస్టరమ్మ’ అందామా? ఆ మాటకీ భార్య అనే అర్థమే ముందు తగులుతుంది. ‘కాపరి’లో లింగభేదం లేదు, కానీ దాంతో ఎదురుగా నిలబడి పిలవలేం. ‘దైవజనురాలు’ కరపత్రాల్లో బాగుంటుంది, వాకిట్లో నిలబడి కేకెయ్యడానికి పనికిరాదు. నన్నడిగితే కొత్తమాట కనక్కర్లేదు. బడిలో ‘టీచరమ్మ’కీ, ఆస్పత్రిలో ‘డాక్టరమ్మ’కీ మొగుడి ఉద్యోగంతో సంబంధం తెగిపోయి చాన్నాళ్లయింది. ఆ మాటలు మారింది నిఘంటువుల వల్ల కాదు, జ్వరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకెళ్లిన తల్లుల వల్ల. ఆ చావు మంచాల దగ్గర రొట్టె విరిచే అధికారం అమ్మమ్మ చేతికి ఉండి ఉంటే, ‘అమ్మగారు’ అర్థం అప్పుడే మారిపోయి ఉండేది.

ఈ సదస్సుకు వచ్చిన పరిశోధకుల్ని ఒకటి అడుగుతాను. పాత సంఘాల రిజిస్టర్లలో ‘బైబిలు స్త్రీ’ అని హోదా రాసి పేరు వదిలేసిన చోట్లుంటాయి. ఆ ఊళ్లకి వెళ్లండి. పేరు ఇంకా ఎవరో ఒకరికి గుర్తుంటుంది.

ఇక మొదటి పత్రం. మీ చేతుల్లో ఉన్న కార్యక్రమ పత్రంలో పత్రసమర్పకురాలి పేరుకి ముందు ‘శ్రీమతి’ అని అచ్చయింది. దయచేసి కొట్టేసి ‘రెవరెండ్’ అని రాసుకోండి. కలం లేనివాళ్లు పక్కవాళ్లనడగండి. రండి పాస్టరుగారూ, మైకు కాస్త కిందికి దించుకోండి.