మనిషి తత్వాన్ని చదివిన గ్రంథాలు

పెన్నమ్మ సముద్రంలో కలిసే ఈ నెల్లూరు సీమలో ప్రాచీన వైద్యగ్రంథాల మీద సదస్సు జరగడం ఎంతో ఉచితం. 1801లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్ళేదాకా నెల్లూరు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉంది. అందువల్ల మనిషి స్వభావాన్ని శరీరంలోని దోషాలతోనో ద్రవాలతోనో వివరించే రెండు సంప్రదాయాలు ఈ నేలకు పరిచయమయ్యాయి. ఒకటి వాత పిత్త కఫాల ఆయుర్వేదం. రెండోది నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగింటిని చెప్పే యునానీ. గ్రీకు వైద్యుల నుంచి గాలెన్‌కూ, ఆయన నుంచి ఇబ్న్ సీనా వంటి వారికీ సాగిన విద్య ఇది. ఇటువంటి గ్రంథాలను నేటి చికిత్సకు ప్రమాణాలుగా తీసుకోకూడదు, చెల్లిపోయిన నమ్మకాలుగా అవతల పారెయ్యకూడదు. మనిషిని మనవాళ్ళు ఎలా పరిశీలించారో చెప్పే చరిత్రాధారాలుగా వాటిని పరిష్కరించి చదవాలి. నేను ఈ సభ ముందు ఉంచదలచిన వాదం ఇదే.

మన చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారం బసవరాజీయం. వీరశైవుడైన బసవరాజు రచించిన ఈ గ్రంథంలో సంస్కృతమూ తెలుగూ కలిసి నడుస్తాయి. ఇరవై అయిదు ప్రకరణాలలో నాడీపరీక్ష, దోషలక్షణాలు, మూలికలు, రసౌషధాలు చోటు చేసుకున్నాయి. పూర్వగ్రంథాలను ఉదాహరిస్తూనే తెలుగు వైద్యుడికి పనికొచ్చేలా విషయాన్ని అమర్చిన తీరులోనే దాని విలువ ఉంది. దాని వెనుక ఉన్న శాస్త్రం గుడ్డిగా లెక్కలు కట్టినది కాదు. చరకుడు వాతరోగాలు 80, పిత్తరోగాలు 40, కఫరోగాలు 20 అని చెబుతూనే, వ్యాధులు లెక్కకు అందనివని ఒప్పుకున్నాడు. సుశ్రుతుడు మూడు దోషాల సరసన నెత్తురును కూడా దేహానికి ఆధారంగా చెప్పాడు. అంటే మూడు, నాలుగు అన్న అంకెల మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తైనది కాదు. నీరు నిలిచే పల్లపు నేలను అనూపదేశం అని, అక్కడ వాతకఫాలు ఎక్కువ అని పూర్వులు అన్నారు. పులికాట్ సరస్సూ, కండలేరు పాయా, వరిమళ్ళూ ఉన్న మన తీరాన్ని ఆ మాటతో పోల్చి చూడవచ్చు. రోగంతో పాటు రోగి పుట్టిన నేలనూ, వయసునూ, తిండినీ లెక్కలోకి తీసుకోవాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

ఇక్కడ మూడు ఆక్షేపణలు వస్తాయి. 1628లో హార్వే రక్తప్రసరణను నిరూపించాడు, 1858లో విర్కో రోగమూలాన్ని కణంలో వెతికాడు, ఇక ఈ పుస్తకాలెందుకు అన్నది మొదటిది. సిద్ధాంతం కూలిన మాట నిజం, దాన్ని నిలబెట్టాలని నేను కోరడం లేదు. కానీ సిద్ధాంతం పోయినంత మాత్రాన దాని కింద పోగైన పరిశీలన పోదు. పాత పటంలో తీరరేఖ తప్పినా, నావికుడు చూసిన రేవుల పేర్లు చరిత్రకారుడికి కావాలి. రెండోది దీనికి ఎదురువైపు నుంచి వచ్చే వాదం: ఈ శాస్త్రమే సర్వోత్తమం, యథాతథంగా ఆచరిస్తే చాలునని. పాదరసం, గంధకం, పాషాణం కలిసే యోగాలున్న గ్రంథాన్ని వివరణ లేకుండా జనం చేతిలో పెట్టడం ప్రాణాలతో చెలగాటం. అందుకే ప్రతి యోగం పక్కనా ఔషధశాస్త్రజ్ఞుల హెచ్చరిక ఉండాలి. మూడోది, ప్రకృతులు అనే శరీర స్వభావాల పేరుతో మనుషులకు ముద్రలు వేయడం. ఇది బరువైన అభ్యంతరం. ప్రకృతిని నిర్ణయించే కారణాలలో చరకుడు జాతినీ కులాన్నీ కూడా చేర్చాడు. దాన్ని దాచి అచ్చువేయడం అన్యాయం. ఆనాటి దురభిప్రాయం ఎక్కడ ముగిసి పరిశీలన ఎక్కడ మొదలైందో చూపించడమే పరిష్కర్త పని.

ఆ పనికి దారి చూపినవాళ్ళు మనకున్నారు. ఈ జిల్లాకు చెందిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో చెన్నపట్నంలో ముద్రణాలయం నెలకొల్పి, పాత గ్రంథాలను శ్రద్ధగా పరిష్కరించి అందించే ఒరవడి పెట్టారు. డి.వి. సుబ్బారెడ్డి వైద్యచరిత్రను ఒక విద్యాశాఖగా నిలబెట్టడానికి జీవితాన్ని ధారపోశారు. తాళపత్రాలను పురుగు తింటుంది, పాత కాగితం పొడి అవుతుంది. వాటికి మన చర్చలు ముగిసేదాకా ఆగే ఓపిక లేదు. కాబట్టి పండితులకూ, వైద్యులకూ, పాత వైద్య కుటుంబాలకూ ఒక్క విన్నపం: ఇళ్ళలో ఉన్న ప్రతులను ఫొటోలు తీయించి గ్రంథాలయాలకు ఇవ్వండి. సంస్కృత పండితుడూ, హకీమూ, ఆధునిక వైద్యుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, పాఠభేదాలతో, హెచ్చరికలతో బసవరాజీయానికి ఒక ప్రామాణిక ప్రతిని సిద్ధం చెయ్యండి. అందుకు ఈ సదస్సులోనే నడుం కట్టాలని సభను కోరుతున్నాను.