సుంకం రేటు ఎవరి చేతిలో ఉంది?

కస్టమ్స్ యూనియన్ అనగానే ఆర్థికవేత్త వైనర్ 1950 నాటి పుస్తకంతో మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. మీకు తెలిసినదే మళ్ళీ చెప్పను. ఇదే సభలో ఎన్నోసార్లు లేవనెత్తిన ప్రశ్నే ఇవాళ కూడా అడుగుతాను. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, లెసోతో, ఎస్వాతినీ కలిసిన సాకు (SACU) అనే కస్టమ్స్ యూనియన్‌లో సుంకం రేటు వేసేదెవరు?

మన పరిశోధకుల చూపంతా ఉమ్మడి సుంకాల ఆదాయ పంపకం మీదే. ఆ చరిత్ర చిన్నదేమీ కాదు. 1910 ఒప్పందంలో బసుటోలాండ్, బెచువానాలాండ్, స్వాజిలాండ్ (నేటి లెసోతో, బోట్స్వానా, ఎస్వాతినీ) మూడింటికీ కలిపి దక్కింది 1.31 శాతం. 1969లో చిన్న దేశాల వాటాకు 42 శాతం అదనంగా కలిపారు. ధరలు పెరుగుతాయి, పరిశ్రమలు దక్షిణాఫ్రికాకే తరలిపోతాయి, సుంకాల మీద సొంత నిర్ణయం ఉండదు కనుక ఆ పరిహారం. 2002 ఒప్పందం పంపకం సూత్రాన్నే మార్చేసింది.

ఒక సెమినార్లో పేరున్న ఆచార్యులొకరు, "డబ్బు ముడుతోంది కదా, రేటు ఎవరు వేస్తే వాళ్ళకేం?" అన్నారు. ఆనాటి కోపం నాకింకా చల్లారలేదు. హక్కు పోయినందుకు ఇచ్చిన పరిహారాన్ని కానుకగా లెక్కగట్టి, పోయిన హక్కు ఊసే ఎత్తకపోతే అది అర్థశాస్త్రం ఎలా అవుతుంది? పోనీ ఆ డబ్బయినా నిలకడగా వచ్చిందా? 2009 మాంద్యంలో దక్షిణాఫ్రికా దిగుమతులు పడిపోగానే ఉమ్మడి వసూళ్ళు కుంగాయి. 2011 నాటికి స్వాజిలాండ్ ఖజానా కటకటలాడింది.

గోధుమ సంగతి చూడండి. అంతర్జాతీయ ధర ఒక స్థాయికి దిగువన నిలిస్తే ఆ తేడాను సుంకంగా వేస్తారు. 2017లో ఆ స్థాయిని టన్నుకు 279 డాలర్లుగా పెట్టారు. రక్షణ దక్షిణాఫ్రికా గోధుమ రైతులకు. లెసోతో రాజధాని మసేరులో పిండి కొనే ఇల్లాలికి మాత్రం ఖర్చు. 2020 మార్చిలో ఎముకతో ఉన్న చికెన్ ముక్కల మీద సుంకం 37 శాతం నుంచి 62కు, ఎముక తీసిన మాంసం మీద 12 నుంచి 42కు పెరిగింది. దరఖాస్తు దక్షిణాఫ్రికా కోళ్ళ పరిశ్రమది, విచారణ ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా వాణిజ్య కమిషన్ ఐటాక్‌ది, గెజిట్ దక్షిణాఫ్రికాది. తక్కిన దేశాల అభిప్రాయం అడుగుతారు, నిజమే. అభిప్రాయం చెప్పడమూ నిర్ణయించడమూ ఒకటి కావు.

నిజానికి సుంకాల మార్పులను పరిశీలించి సిఫారసు చేయాల్సింది 2002 ఒప్పందంలో రాసుకున్న ఉమ్మడి టారిఫ్ బోర్డు. ఇరవై ఏళ్ళు దాటినా అది పనిలోకి దిగలేదు. అందాకా ఆ పని ఐటాక్ చూస్తుందన్న తాత్కాలిక ఏర్పాటే పాతుకుపోయింది. అయితే తప్పంతా ప్రిటోరియాదేనని తేల్చే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. బోర్డు నడవాలంటే దరఖాస్తులను వడపోసే జాతీయ సంస్థ ప్రతి దేశంలోనూ ఉండాలని ఆ ఒప్పందమే చెబుతోంది. దానికి నిపుణులు కావాలి, ఏళ్ళ తరబడి జీతాలివ్వాలి. చిన్న దేశాలూ ఆ పని సాగదీశాయి. పంపకం చర్చకు చూపిన పట్టుదలలో సగమైనా ఇక్కడ చూపాల్సింది.

ఐటాక్ నివేదికలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. వాటిని వరుసగా చదివి, ఒక్కొక్క పెంపు భారం ఎవరి మీద పడిందో లెక్కగట్టే పని మన దగ్గర దాదాపు జరగలేదు. సూత్రాల మీద మరో సిద్ధాంత వ్యాసం కన్నా అలాంటి లెక్క ఒక్కటి నాకు ఎక్కువ. వచ్చే సదస్సులో ఒక పూట సుంకం ఫైళ్ళకే కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. గోధుమ మీద పని చేస్తామని యువకులెవరైనా ముందుకొస్తే, నేను పోగుచేసుకున్న గెజిట్ ప్రతులన్నీ వాళ్ళకే ఇచ్చేస్తాను.