అమ్మానాన్నల గ్రీన్ కార్డు: ఐ-864 మీద సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి

చాలామంది అడుగుతున్న టాపిక్ ఇవాళ తీసుకున్నాను. అమెరికాలో సిటిజన్‌షిప్ వచ్చింది, ఇప్పుడు అమ్మకీ నాన్నకీ గ్రీన్ కార్డు చేయించాలి. అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నా జీతం సరిపోతుందా?" మీరు మామూలు ఐటీ జాబ్‌లో ఉంటే దాదాపుగా సరిపోతుంది. అందుకే ఎవరూ ఆ ఫారమ్ పూర్తిగా చదవరు. గబగబా సంతకం పెట్టేసి అప్‌లోడ్ చేసేస్తారు. నా ఉద్దేశంలో ఆ ఫారమ్‌లో అంకె చాలా చిన్నది, సంతకం మాత్రం చాలా పెద్దది. ఇవాళ రెండూ చూద్దాం.

ముందు బేసిక్స్. తల్లిదండ్రుల్ని స్పాన్సర్ చేయాలంటే మీరు యూఎస్ సిటిజన్ అయ్యుండాలి, 21 ఏళ్ళు నిండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు భార్యని, పిల్లల్ని చేయగలరు కానీ అమ్మానాన్నల్ని చేయలేరు. అమ్మకి ఒక ఐ-130, నాన్నకి ఇంకో ఐ-130, విడివిడిగా వేయాలి. ఒకళ్ళ పిటిషన్‌లో ఇంకొకళ్ళు రారు. అది అప్రూవ్ అయ్యాక వచ్చేదే ఐ-864, అంటే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్. ఇది కూడా ఇద్దరికీ రెండు.

ఇప్పుడు అంకె. ప్రతి ఏడాదీ ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్స్ అని వస్తాయి. మీ ఆదాయం దానికి 125 శాతం ఉండాలి. ఎంత అనేది ఇంట్లో ఎంతమంది అన్నదాన్ని బట్టి. మీరు, మీ స్పౌస్, ఇద్దరు పిల్లలు, కలిపి నలుగురు. అమ్మ, నాన్న కలిస్తే ఆరుగురు. 2025 గైడ్‌లైన్స్ ప్రకారం ఆరుగురికి 53,937 డాలర్లు. అమ్మ ఒక్కరే వస్తుంటే ఐదుగురికి 47,062. ఒంటరిగా ఉండే అబ్బాయో అమ్మాయో అమ్మ ఒక్కరినే తెచ్చుకుంటుంటే ఇద్దరికి 26,437. అలాస్కా, హవాయిలో కొంచెం ఎక్కువ. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి, మీరు ఫైల్ చేసే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఐ-864పీ అనే పేజీ ఒకసారి చూసుకోండి.

తలలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి మర్చిపోతుంటారు. రెండేళ్ళ క్రితం మీ అత్తగారికి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టారనుకోండి. ఆవిడ బాధ్యత ఇంకా మీ మీద ఉన్నట్టే. ఆవిడ వేరే ఊళ్ళో, మీ బావమరిది ఇంట్లో ఉన్నా సరే, మీ లెక్కలో ఒక తల పెరిగినట్టే.

ఇక ఏ ఆదాయం? ఫారమ్ మీ లేటెస్ట్ ట్యాక్స్ రిటర్న్‌లోని టోటల్ ఇన్‌కమ్ అడుగుతుంది, ప్రస్తుతం ఏడాదికి ఎంత వస్తోందో కూడా అడుగుతుంది. ఎక్కువ బరువు రెండోదానికే. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. పోయిన ఏడాది చదువుకుంటూ ఉండి, ఇప్పుడే మంచి జాబ్‌లో చేరినవాళ్ళకి మంచిది: ఎంప్లాయర్ లెటర్, పే స్టబ్‌లు పెడితే సరిపోవచ్చు. పోయిన ఏడాది లక్షన్నర డాలర్ల డబ్ల్యూ-2 ఉండి, మొన్న లేఆఫ్ అయినవాళ్ళకి ఇబ్బంది. ఆ డబ్ల్యూ-2 నిజమే, కానీ ఇప్పుడు జీతం లేదు కదా. పేపర్లు వేసినప్పుడు జాబ్ ఉంది, ఇంటర్వ్యూ టైమ్‌కి లేదు అంటే ఆఫీసర్ కొత్త పే స్టబ్‌లు అడగొచ్చు, లేదా ఇంకో స్పాన్సర్‌ని తెమ్మనొచ్చు. లేఆఫ్‌ల వార్తలు వింటూ ఉంటే ఈ ప్లాన్ బీ ముందే ఆలోచించి పెట్టుకోండి.

సొంత బిజినెస్ వాళ్ళ సంగతి వేరు. గ్రాసరీ స్టోరో, గ్యాస్ స్టేషనో, చిన్న కన్సల్టింగో నడుపుతూ ఉంటారు. చేతిలో డబ్బు బాగానే ఆడుతుంది. కానీ ఏప్రిల్ వచ్చేసరికి సీపీఏ గారు కారు ఖర్చు, ఫోన్ ఖర్చు, డిప్రిసియేషన్ అన్నీ తీసేసి నికర ఆదాయం ముప్పై వేలకి దించుతారు. ట్యాక్స్ తగ్గిందని సంతోషం. ఐ-864కి మాత్రం ఆ ముప్పై వేలే మీ ఆదాయం. "మాకు నెలకి ఇంత టర్నోవర్ సార్" అంటే కుదరదు. అమ్మని తెచ్చుకోవాలన్న ఆలోచన ఉంటే ఏడాది ముందే సీపీఏతో ఆ మాట చెప్పండి.

మీ ఆదాయం చాలకపోతే మూడు దారులున్నాయి. మొదటిది, ఇంట్లోవాళ్ళ ఆదాయం కలపడం. స్పౌస్ జీతం కలపాలంటే వాళ్ళు ఐ-864ఏ అనే ఇంకో ఫారమ్ మీద సంతకం పెట్టాలి. ట్యాక్స్ జాయింట్‌గా ఫైల్ చేశాం కదా, ఆటోమేటిగ్గా కలిసిపోతుంది అనుకోకండి.

రెండోది ఆస్తులు. ఇక్కడ మనవాళ్ళకి చాలా ఆశ ఉంటుంది, ఎందుకంటే ఊళ్ళో స్థలాలుంటాయి. రూల్ ఏంటంటే, ఎంత తక్కువ పడిందో దానికి ఐదు రెట్లు ఆస్తి చూపించాలి. భార్యకో భర్తకో అయితే మూడు రెట్లు చాలు, తల్లిదండ్రులకి ఐదు. అంటే ఎనిమిది వేల డాలర్లు తక్కువైతే నలభై వేల డాలర్ల ఆస్తి. బ్యాంక్ బ్యాలెన్స్, షేర్లు ఈజీ. ఇల్లయితే లోన్ పోగా మిగిలిన విలువే లెక్క. అమ్మ పేరు మీద ఉన్న ఆస్తి కూడా ఆమె కేసులో పెట్టొచ్చు, ఇండియాలో ఉన్నా పెట్టొచ్చు. కానీ అది ఏడాదిలోపు డబ్బుగా మార్చగలిగేదై ఉండాలి, అమ్మితే ఇంట్లోవాళ్ళకి పెద్ద నష్టం, కష్టం రాకూడదు, ఆ డబ్బు దేశం దాటించే వీలుండాలి. ఇప్పుడు చెప్పండి, అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలని పొలం ఏడాదిలో అమ్ముడవుతుందా? పైగా రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్‌లో ప్రభుత్వ విలువ ఒకటి, బయట అసలు రేటు ఇంకొకటి. ఆఫీసర్ చూసేది కాగితం. వాల్యుయేషన్ రిపోర్ట్, ఈసీ, తెలుగులో ఉన్న కాగితాలకి సర్టిఫైడ్ ఇంగ్లిష్ అనువాదం, ఇవన్నీ సిద్ధం చేసుకోవాలి. నన్నడిగితే స్థలం మీద ఆధారపడేకంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఆధారపడటం నయం.

మూడోది జాయింట్ స్పాన్సర్. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఒక కొత్త తరం ఉంది. అమెరికాలో పుట్టారు, చిన్నప్పుడే పేరెంట్స్ వెనక్కి వచ్చేశారు, ఇక్కడే చదువుకున్నారు. పాస్‌పోర్ట్ అమెరికాది, యాస మాత్రం కూకట్‌పల్లిది. 21 నిండగానే చుట్టాలందరూ "ఇక మీ అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వేసెయ్" అంటారు. ఐ-130 వేయడానికి అడ్డు లేదు. ఐ-864 దగ్గర రెండు గోడలు వస్తాయి. ఒకటి ఆదాయం లేదు. రెండు డొమిసైల్, అంటే స్పాన్సర్ నివాసం అమెరికాలో ఉండాలి. ఇక్కడే ఉంటే, పేరెంట్స్ అక్కడ అడుగుపెట్టే రోజుకల్లా తనూ అక్కడ స్థిరపడతానని చూపించాలి: జాబ్ ఆఫరో, కాలేజ్ అడ్మిషనో, ఇంటి లీజో, బ్యాంక్ అకౌంటో. ఆదాయం సున్నా అయినా సరే, పిటిషన్ వేసిన బిడ్డ ఐ-864 నింపి సంతకం పెట్టాల్సిందే. దాంతోపాటు జాయింట్ స్పాన్సర్ ఇంకో ఐ-864 ఇస్తారు.

ఆ జాయింట్ స్పాన్సర్ ఎవరైనా కావచ్చు. చుట్టం కానక్కర్లేదు. 18 నిండిన సిటిజనో గ్రీన్ కార్డు హోల్డరో అయ్యుండి, అమెరికాలో ఉంటే చాలు. కానీ ఆయన ఆదాయం ఒక్కటే మొత్తం లెక్కకి సరిపోవాలి. మీది సగం, ఆయనది సగం కలపడం కుదరదు. అప్పుడు మనం ఏం చేస్తాం? డాలస్‌లో ఉన్న బాబాయికి ఫోన్ చేస్తాం, లేదా ఫ్రెండ్‌కి వాట్సాప్ పెడతాం: "మామా, ఒక్క సంతకం పెట్టు, ఫార్మాలిటీయే."

ఫార్మాలిటీ కాదండీ. చిట్‌ఫండ్‌కి షూరిటీ సంతకం పెట్టడం మనందరికీ తెలుసు. చిట్టీ ఎత్తినవాడు కట్టకపోతే షూరిటీ మీద పడతారు. కానీ చిట్టీకి ఒక ముగింపు ఉంటుంది, నలభై నెలలో యాభై నెలలో. ఐ-864 అనేది 1996లో వచ్చిన చట్టం కింద కోర్టులో అమలు చేయించగల కాంట్రాక్ట్. వచ్చిన మనిషిని పావర్టీ లైన్‌కి 125 శాతం స్థాయిలో పోషిస్తానని ప్రభుత్వానికి రాసిస్తున్నారు. ఆ మనిషి మెడికెయిడ్, ఫుడ్ స్టాంప్స్, ఎస్‌ఎస్‌ఐ లాంటివి తీసుకుంటే, ఇచ్చిన ఏజెన్సీ ఆ డబ్బు స్పాన్సర్‌ని అడగొచ్చు. వచ్చిన మనిషి కూడా పోషణ కోసం కేసు వేయొచ్చు. పిటిషన్ వేసినవాళ్ళు, జాయింట్ స్పాన్సర్, ఇద్దరి మీదా బాధ్యత పూర్తిగా ఉంటుంది, సగం సగం కాదు. అడ్రస్ మారితే 30 రోజుల్లో ఐ-865 వేయాలి, వేయకపోతే జరిమానా ఉంది.

మరి ఎప్పుడు ముగుస్తుంది? వచ్చినవాళ్ళు సిటిజన్ అయితే. 40 క్వార్టర్ల పని వాళ్ళ ఖాతాలో పడితే, అంటే సుమారు పదేళ్ళ ఉద్యోగం. గ్రీన్ కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్ళిపోతే. లేదా స్పాన్సర్ కానీ వాళ్ళు కానీ చనిపోతే. విడాకులైనా, దివాలా తీసినా ముగియదు.

ఇప్పుడు ఒక 62 ఏళ్ళ అమ్మగారిని ఊహించుకోండి. తెలుగు తప్ప రాదు. ఆవిడ పదేళ్ళు ఉద్యోగం చేస్తారా? చేయరు. మిగిలింది సిటిజన్‌షిప్. ఐదేళ్ళకి అప్లై చేయొచ్చు, కానీ ఇంగ్లిష్ టెస్ట్ ఉంటుంది. 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్ళు ఉంటే ఇంగ్లిష్ మినహాయింపు, సివిక్స్ పరీక్ష తెలుగులో ఇంటర్‌ప్రెటర్‌తో రాయొచ్చు, అప్పటికి ఆవిడకి 77. అనారోగ్యం వల్ల టెస్ట్ రాయలేని వాళ్ళకి ఎన్-648 అని డాక్టర్ నింపే ఫారమ్ ఉంది, అది వేరే సంగతి. అంటే మీ ఫ్రెండ్ ఇవాళ పెట్టే సంతకం పదిహేనేళ్ళ సంతకం కావచ్చు. ఆయన రేపు సొంత అమ్మానాన్నల్ని తెచ్చుకునేటప్పుడు మీ అమ్మగారు ఆయన లెక్కలో ఒక తల. ఇది చెప్పి అడగండి. చెప్పాక కూడా సరే అన్నాడంటే అతను నిజంగా ఫ్రెండే. "ఆలోచించి చెప్తా" అంటే అలగకండి, అతను ఫారమ్ చదివాడు అంతే.

ఇంకో విషయం. ఈ అంకె దాటితే వీసా గ్యారంటీ కాదు. పబ్లిక్ చార్జ్ అనే నిబంధన కింద వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తులు, చదువు, నైపుణ్యాలు అన్నీ చూడాలని చట్టంలోనే ఉంది. ఎంత గట్టిగా చూస్తారన్నది ప్రభుత్వాన్ని బట్టి మారుతూ ఉంటుంది. 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి దాకా అమెరికాలో ఉండి అప్లై చేసేవాళ్ళ దగ్గర ఐ-944 అని ఒక సెల్ఫ్ సఫిషియెన్సీ డిక్లరేషన్ అడిగారు, క్రెడిట్ స్కోర్‌తో సహా. తర్వాత ఎత్తేశారు. కాబట్టి మూడేళ్ళ క్రితం మీ కజిన్‌కి ఎలా జరిగిందో అలాగే మీకూ జరుగుతుందని అనుకోవద్దు.

వయసు, ఆరోగ్యం అన్నాను కాబట్టి అసలు ఖర్చుకి వద్దాం. 53,937లో ఎక్కడా కనిపించనిది హెల్త్ ఇన్సూరెన్స్. 65 దాటినా కొత్తగా వచ్చిన పేరెంట్స్‌కి మెడికేర్ వెంటనే రాదు. గ్రీన్ కార్డుతో ఐదేళ్ళు వరసగా ఉన్నాక కొనుక్కోవచ్చు. కొనుక్కోవచ్చు అన్నాను, ఫ్రీ అనలేదు. వర్క్ క్రెడిట్స్ లేనివాళ్ళకి 2025లో పార్ట్ ఏ నెలకి 518 డాలర్లు, పార్ట్ బి 185. ఒక మనిషికి. మెడికెయిడ్‌కి కూడా మామూలుగా ఐదేళ్ళ ఆంక్ష ఉంది. ఈ ఐదేళ్ళూ మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకోవాలి. గ్రీన్ కార్డు స్టేటస్ వచ్చాక 60 రోజుల కిటికీ ఉంటుంది, అది దాటితే మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకండి: 2026 నుంచి రూల్స్ బిగిశాయి, పైగా పేరెంట్స్‌ని మీ ట్యాక్స్‌లో డిపెండెంట్స్‌గా చూపిస్తే మీ జీతమే లెక్కలోకి వస్తుంది. నాన్నకి షుగర్, అమ్మకి బీపీ, మోకాళ్ళ నొప్పులు ఉంటే డిడక్టిబుల్ ఎంతో చూసి ప్లాన్ ఎంచుకోండి. టికెట్ బుక్ చేసే ముందే మీ జిప్ కోడ్, వాళ్ళ వయసు పెట్టి సైట్‌లో రేటు చూడండి. ఐదు నిమిషాల పని.

ఆ రేటు చూశాక కొంతమంది "అమ్మ అసలు అక్కడ ఉండిపోవాలనుకుంటోందా?" అని మొదటిసారి అడుగుతారు. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అనుకునే పేరెంట్స్‌కి విజిటర్ వీసాయే హాయి. దానికి ఐ-864 అవసరమే లేదు. కొందరు ఐ-134 అని ఒక లెటర్ లాంటిది పెడతారు, అది ఈ కాంట్రాక్ట్ లాంటిది కాదు. గ్రీన్ కార్డు తీసుకుని ఏడాదిలో ఎక్కువ భాగం గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటే ఆ కార్డు నిలవడమే కష్టం.

ఇవి జనరల్ విషయాలే. లేఆఫ్, బిజినెస్, ఇండియా ఆస్తి, ఇలాంటివి మీ కేసులో ఉంటే ఒక ఇమ్మిగ్రేషన్ అటార్నీకి గంట ఫీజు ఇచ్చి కాగితాలు చూపించండి. రీఎంట్రీ పర్మిట్ గురించి చాలా ప్రశ్నలున్నాయి, వచ్చే ఎపిసోడ్ అదే. ఉంటాను మరి, బై.