టీకా, అనుమానం, సంతకం

(బస్తీ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మాకు మొదట ఇచ్చిన అంశం ‘టీకాల పట్ల ముస్లిముల భయాలు’. ఆ శీర్షికలో ఒక పదం తీసివేయవలసిందిగా నిర్వాహకులను కోరినాము. టీకాకు భయపడడం ఒక మతానికి చెందిన లక్షణం కాదు. 1998లో ఇంగ్లండులో ఒక వైద్యుడు కేవలం 12 మంది పిల్లలను చూపి, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధమున్నదనే అనుమానం రేపే వ్యాసాన్ని ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించినాడు. అది తప్పుల తడక అని తేలి, 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నది. అదే ఏడాది ఆ వైద్యుని పేరును వైద్యుల జాబితా నుండి కొట్టివేసినారు. అయినా బాగా చదువుకున్న తెల్లవారి ఇళ్లలో ఆ పుకారు ఈనాటికీ బ్రతికే ఉన్నది. అక్కడ దానిని ‘తల్లిదండ్రుల ఆందోళన’ అంటారు. మన గల్లీలో అదే మాట వినిపిస్తే ‘మూఢత్వం’ అంటారు. ఈ తేడాను ముందుగా మీ దృష్టికి తెచ్చి అసలు విషయానికి వస్తాము.

మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. కాగితం చదవడం, దానిపై ఎవరి సంతకం ఉన్నదో, ఎవరిది లేదో చూడడం మా వృత్తి విద్య. ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలు.

ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల సంగతి ముందు చెప్పుకోవాలి. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు నమోదైతే వాటిలో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఆ రాష్ట్ర జనాభాలో ముస్లిములు అయిదో వంతు కూడా లేరు. కాని కాళ్లు చచ్చుబడిన పిల్లలలో సగానికి పైగా ముస్లిం పిల్లలే. మురాదాబాద్ పరిసరాలలో చుక్కల మందు తెచ్చినవారిని చూసి తలుపులు మూసుకున్నారు. ఆ మందు వేస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదన్నది ప్రచారం. అది అబద్ధం. కాని అబద్ధానికి కూడా నేల కావాలి కదా, ఆ నేల ఎక్కడిది?

1976కు పోవాలి. అత్యవసర పరిస్థితి రోజులలో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినాయి. ఆ నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే మేవాతీ ముస్లిముల గ్రామాన్ని పోలీసులు తెల్లవారకముందే చుట్టుముట్టి మగవారిని పట్టుకుపోయినారు. ఆ జ్ఞాపకం ఉన్న తాత ఇంటికి పాతికేళ్ల తరువాత అదే ప్రభుత్వం తరఫున ఒకరు వచ్చి, ‘మీ మనుమడికి ఉచితంగా మందు వేస్తాము’ అన్నారు. ఆస్పత్రిలో డాక్టరు లేడు, మురుగు కాలువకు మూత లేదు, బడికి పంతులు లేడు. ఈ ఒక్క మందు మాత్రం నెల తిరగకుండానే గడప వద్దకు వస్తున్నది. ఎందుకింత ప్రేమ? ఆ తాత అడిగిన ప్రశ్న ఇదే. ఈ ప్రశ్నలో మాకు మూఢత్వం కనిపించదు.

రెండవ ప్రశ్న తల్లులది. ‘మా బిడ్డకు ఎన్నోసార్లు చుక్కలు వేయించినాము. అయినా కాలు పడిపోయింది. మీ మందు పనిచేస్తున్నదా?’ చాలాకాలం ఈ మాటను ఎవరూ చెవిన పెట్టలేదు. చుక్కలు ఎగవేసి అబద్ధమాడుతున్నారన్నట్లు చూసినారు. 2006లో శాస్త్రజ్ఞులు లెక్క తీసి చూసినప్పుడు ఆ తల్లుల మాట నిజమని తేలింది. అప్పటి మూడు రకాల మిశ్రమ చుక్కల మందు, ఒకటవ రకం పోలియో నుండి ఇచ్చే రక్షణ దేశంలోని మిగతా ప్రాంతాలలో ఒక్కొక్క మోతాదుకు నూటికి 21 ఉంటే, ఉత్తరప్రదేశ్‌లో 9 మాత్రమే. కారణం పిల్లల మతం కాదు, తల్లుల అశ్రద్ధ కాదు. కిక్కిరిసిన ఇళ్లు, మురుగు, ఎడతెగని విరేచనాలు. వేరే సూక్ష్మజీవులతో నిండిన పేగులలో టీకాలోని బలహీనపరచిన పోలియో క్రిమికి నిలదొక్కుకునే చోటు దొరకదు. అది నిలదొక్కుకుంటే తప్ప రోగనిరోధక శక్తి పుట్టదు. అప్పటికే ఒక్క రకానికి గురిపెట్టిన మందు 2005లో వచ్చింది. 2010లో రెండు రకాలది వచ్చింది. గల్లీలో ఒక తల్లి గమనించిన దానినే శాస్త్రం తరువాత కొలిచి, మందునే మార్చుకున్నది. శాస్త్రం గొప్పతనం అక్కడ ఉన్నది. అడిగిన ప్రశ్నకు అది కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకున్నది ఇంటింటికి తిరిగిన అధికారులు.

పద్ధతి కూడా మారింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ వంటి సంస్థలు యూనిసెఫ్‌తో కలిసి పనిచేసినాయి. ఇమాములు మసీదు మైకులో ప్రకటించినారు, తమ పిల్లలకు ముందుగా వేయించి చూపినారు. ఆ గల్లీ స్త్రీలనే కార్యకర్తలుగా తీసుకున్నారు. చుక్కలతో పాటు విరేచనాలకు మందు, చేతులు కడుక్కునే సబ్బు, మిగతా టీకాల సమాచారం కూడా ఇంటికి చేరింది. 2009లో దేశంలో 741 కేసులు. 2010లో 42. 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న పశ్చిమ బెంగాల్ హావ్‌డా జిల్లాలో. ఆ తరువాత సహజ పోలియో క్రిమి వల్ల మన దేశంలో ఏ బిడ్డ కాలూ పడిపోలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఏ వర్గాన్ని అడ్డంకి అని ఏళ్లతరబడి నిందించినారో, ఆ వర్గం భుజం కలపకుండా ఆ ధ్రువపత్రం వచ్చేది కాదు. ఈ మాట పాఠ్యపుస్తకాలలో మాకు ఇంతవరకు కనిపించలేదు.

పొరుగు దేశంలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ సిఐఏ అబోటాబాద్‌లో హెపటైటిస్-బి టీకా కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకున్నది. టీకా వేసే చేయి గూఢచారి చేయి కూడా కావచ్చునని తేలిన తరువాత ఏమైనదో అందరికీ తెలుసు. తాలిబాన్ ఆ సాకుతో కొన్ని ప్రాంతాలలో పోలియో చుక్కలను నిషేధించింది. ఇంటింటికి తిరిగే పేద కార్యకర్తలను, వారిలో ఎందరో స్త్రీలను, కాల్చి చంపినారు. 2014లో పాకిస్తాన్‌లో 306 మంది పిల్లలు పోలియో బారిన పడ్డారు. టీకా కార్యక్రమాలను ఇక గూఢచర్యానికి వాడబోమని అమెరికా ఆ ఏడాది ప్రకటించింది. ఆ ప్రకటనతో ఆ పిల్లల కాళ్లు తిరిగి రాలేదు. కార్యకర్తలపై తుపాకి ఎత్తినవాడి పాపం వాడిదే, అందులో మాకు సందేహం లేదు. కాని ఆ తుపాకికి సాకు అందించినవారిని ఎవరు ప్రశ్నించినారు?

ఇక మన ఇంటి సంగతి. దీనినే కొంచెం వివరంగా చెప్పాలని వచ్చినాము. ఎందుకంటే ఇది రేపు మన ఆడపిల్లల ముందుకు వచ్చే విషయం.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ల లోపు బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేయడం మొదలుపెట్టినారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకమది. అనేకులు గిరిజన బాలికలు, వసతిగృహాలలో చదువుకునేవారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి పథకమే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేసినారు. ఆ మరణాలకు పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి వేరే కారణాలున్నాయని, టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. దీనిని మేము దాచడం లేదు. ఎవరైనా ‘టీకా వల్లనే ఏడుగురు చనిపోయినారు’ అని చెబితే నమ్మవలదు.

అయితే ఆ విచారణలోనే ఇంకొకటి బయటపడింది. గుమాస్తా కన్ను ఆగేది అక్కడ. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాల మీద సంతకం తల్లిది కాదు, తండ్రిది కాదు, వసతిగృహం వార్డెనుది. మరి 1,948 పత్రాల మీద వేలిముద్రలు. ఆ పత్రంలో ఏమి వ్రాసి ఉన్నదో వేలిముద్ర వేసినవారికి ఎవరు చదివి వినిపించినారు? అర ఎకరం భూమి బదిలీ కావాలంటే సాక్షులు కావాలి, ఫోటో కావాలి, పట్టాదారు స్వయంగా రావాలి. గిరిజన బాలిక శరీరానికి మాత్రం వార్డెను సంతకం చాలింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

దీని ఫలితమేమి? ఆ టీకా మంచిది. అది ఆ క్యాన్సరును నివారిస్తుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతున్నది. మన దేశంలో ఆ క్యాన్సరుతో ఏటా 70 వేల మందికి పైగా స్త్రీలు మరణిస్తున్నారు. సంతకాల దగ్గర చూపిన అలసత్వం వల్ల మంచి టీకాపై మచ్చ పడింది, ఏళ్ల కాలం వృథా అయింది. 2024 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగంలో 9 నుండి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్న మాట వచ్చింది. మన బస్తీలో అప్పుడే గొణుగుడు మొదలైనది. ‘పెళ్లికాని పిల్లలకు గర్భసంచి సూది ఎందుకు’ అని ఒకరు, ‘ఇది జనాభా తగ్గించే ఉపాయం’ అని మరొకరు. మొదటి దానికి జవాబున్నది. ఆ క్యాన్సరుకు కారణమైన క్రిమి శరీరంలోకి రాకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది, అందుకే చిన్న వయసు. రెండవది మురాదాబాద్‌లో తిరిగిన పాత పుకారే, కొత్త బుర్ఖా వేసుకొని వచ్చింది.

2020ని కూడా మరువలేము. ఢిల్లీలోని తబ్లీగీ సమావేశాన్ని సాకుగా తీసుకొని ఒక వర్గమంతటినీ కరోనా వ్యాప్తిదారులుగా చూపినారు. టీవీలలో దానికి ‘జిహాద్’ అని పేరు పెట్టినారు. కూరగాయల బండి తోసుకునేవాడిని పేరు అడిగి వెళ్లగొట్టినారు. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కేసులను కొట్టివేస్తూ, ఆ విదేశీయులను బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదన్నది. ఆ తీర్పు వార్త ఎన్ని ఇళ్లకు చేరింది? రోగం తెచ్చినవాడని నిన్న నిందించి, నేడు సూది వేయించుకోవడానికి చేయి చాపమంటే చేయి వెనుకకు పోతుంది. శాస్త్రంపై అపనమ్మకమని మనం పిలిచేదానిలో చాలా భాగం శాస్త్రంపైన కాదు, దానిని పట్టుకొని వచ్చిన మనిషిపైన.

దీనికి సాక్ష్యం కావాలంటే హజ్ యాత్రకు ముందు జరిగే టీకా శిబిరానికి వెళ్లి చూడండి. మెదడు పొరల జ్వరానికి టీకా వేయించుకుంటే గాని సౌదీ ప్రభుత్వం యాత్రికుని అనుమతించదు. 1987 హజ్‌లో ఆ జ్వరం ప్రబలిన తరువాత వచ్చిన నియమమది. డెబ్బయి ఏళ్ల ముసలమ్మ కూడా బిస్మిల్లా అని చేయి చాపుతుంది. అందులో ఏముందని అడిగినవారిని మేమింతవరకు చూడలేదు. అదే చేయి, అటువంటిదే సూది. నమ్మకం మాత్రం వేరు.

పందికొవ్వు సంగతి అడుగుతారని తెలుసు. టీకాలన్నింటిలో జెలటిన్ ఉండదు. కొన్నింటిలో మందు చెడిపోకుండా నిలిపేందుకు వాడతారు. 1995లో కువైట్‌లో జరిగిన ఇస్లామీయ వైద్యశాస్త్ర సదస్సులో పండితులు, వైద్యులు కలిసి కూర్చొని, పదార్థం మూలస్వభావం మారిపోయిన తరువాత దానిని అశుద్ధంగా పరిగణించనక్కరలేదన్నారు. ఏ టీకాలో ఏమున్నదో దానితో వచ్చే కాగితంపై ముద్రిస్తారు. అడిగి చదవవచ్చు. ఎవరో పంపిన వాట్సాప్ గొంతు కంటే ఆ కాగితం మేలు, దానిపై తయారీదారు పేరు ఉంటుంది. ఆ గొంతుకు పేరు ఉండదు.

ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తారో చెప్పి ముగిస్తాము. 2022 చివరలో ముంబయిలో తట్టు వ్యాపించి పిల్లలు చనిపోయినారు. ఎక్కువగా దెబ్బతిన్నది గోవండి, మన వర్గపు పేదలు నిండిన ప్రాంతం. తట్టు గాలిలో వ్యాపిస్తుంది. నూటికి 95 మందికి టీకా ఉంటేనే అది ఆగుతుంది. పిల్లలకు మొదటి మోతాదు 9 నెలలు నిండిన తరువాత, రెండవది 16 నుండి 24 నెలల మధ్య. టీకా తరువాత జ్వరం రావచ్చు, రెండు రోజులలో తగ్గుతుంది. ఈ ముక్క ముందుగా చెప్పని నర్సమ్మ మీద తల్లికి కోపం వచ్చి రెండవ మోతాదుకు రాకపోవడం మా రిజిస్టరులోనే చాలాచోట్ల కనిపించింది.

అందుచేత మా కమిటీ వైద్యాధికారికి ఇవ్వదలచిన అర్జీలో మూడు కోరికలు వ్రాసినాము. సమ్మతి పత్రం తెలుగులోను ఉర్దూలోను ఉండాలి, చదవలేనివారికి మహిళా కార్యకర్త చదివి వినిపించి తన పేరు క్రింద వ్రాయాలి. తల్లి లేదా తండ్రి తప్ప పాఠశాలవారు, వసతిగృహంవారు బాలిక తరఫున సంతకం చేయరాదు. టీకా తరువాత ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు, దానిని ఎత్తే మనిషి పేరు గోడమీద వ్రాయాలి. జవాబు పదిహేను రోజులలో అడిగినాము. రాకపోతే సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు సిద్ధంగా ఉన్నది. ఈలోగా పిల్లల టీకాలు ఆగవలసిన పని లేదు, బుధవారం ఉపకేంద్రం తెరిచే ఉంటుంది. అర్జీ ప్రతులు తలుపు దగ్గర బల్లమీద ఉంచినాము. సంతకం చేసేవారు దయచేసి ముందు చదవండి. చదవలేనివారికి మా మనుమరాలు అక్కడ కూర్చొని వినిపిస్తుంది.