ఒక్క గుహ నమ్ముకున్న ప్రాణి
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ఇటువంటి శుభసందర్భంలో గబ్బిలాలను గూర్చి మాట్లాడడమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. అశుభమని శంకించేవారూ ఉంటారు. జీవశాస్త్రం బోధించినదానను గనుక ఆ మాట చెప్పక తప్పదు. పైగా ఈ విషయంలో నేనొక తప్పు చేశాను.

ఈ పాఠశాలలో చేరిన తొలి సంవత్సరం పాత సామాను గదిలో చేరిన గబ్బిలాలను పొగ పెట్టించి వెళ్లగొట్టించాను. మర్నాడు చూస్తే ఎగరలేని పిల్లలు నేలమీద పడి ఉన్నాయి. ఆ పూట నేను చెప్పిన పాఠం క్షీరదాలు! గబ్బిలం పక్షి కాదు, బిడ్డకు పాలిచ్చే తల్లి. సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది.

మన దక్షిణ ఒడిశాలో గబ్బిలాలకు పేరుపడిన చోటు కొరాపుట్ జిల్లాలోని గుప్తేశ్వర్. శివరాత్రికి వెళ్లినవారు మీలో అనేకులుంటారు. శబరి నది చేరువలోని ఆ సున్నపురాతి గుహలలో ఎనిమిది జాతుల గబ్బిలాలున్నాయి. దక్షిణ ఒడిశాలో కనిపించే జాతులు మొత్తం 16 కాగా, సగం అక్కడే! 2024లో ఆలయ పరిసరాలలోని 350 హెక్టార్ల అడవిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. గుహలో వేసవికీ చలికాలానికీ వేడిమి అంతగా మారదు. గాలిలో తేమ నిలిచి ఉంటుంది. పలుచని రెక్కల నుండి నీరు త్వరగా ఆవిరయ్యే ఈ ప్రాణికి అంతకన్న అనువైన ఇల్లు లేదు.

అందరికీ అంత అదృష్టం లేదు. తెలుగువారు విస్తారంగా ఉన్న కోలారు జిల్లాలో ఒక ఆకుముక్కు గబ్బిలం ఉన్నది. ముక్కుపై ఆకువంటి చర్మపు మడత ఉండుటచే ఆ పేరు. శాస్త్రజ్ఞులు దానిని కొత్త జాతిగా వర్ణించినది 1994లో. ఒకప్పుడు రెండు గుహలలో ఉండేది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు ప్రభృతులు వెదకినప్పుడు తేర్‌హళ్లి గుహలో ఒక్కటీ కనబడలేదు. హనుమనహళ్లి గుహలో మాత్రం రెండు వందలకు లోపుగా మిగిలాయి. ప్రపంచం మొత్తంలో దానికి తెలిసిన నివాసం అదొక్కటే. ఆ చుట్టుపక్కల గ్రానైటు కోసం కొండలను పేల్చేవారు. వారి కృషి ఫలితంగా తవ్వకాలు ఆగి, గుహ చుట్టూ ఉన్న భూమికి ప్రభుత్వ రక్షణ లభించింది.

గబ్బిలాలను చేతితో తాకమని నేను చెప్పడం లేదు. జబ్బుల భయం ఉన్నది; దూరం నుండే చూడాలి.

మన పాత సామాను గది చూరులో ఈ ఏడు మళ్లీ కొన్ని చేరాయి. జూబిలీ నిధితో ఆ గదిని మరమ్మతు చేయించాలని కమిటీవారు నిశ్చయించారు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పని ఆపవలసిందిగా వారిని సవినయంగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.