అలీసాగర్ దారిలో

సంక్రాంతి సెలవులు రాగానే నిజామాబాదు నుండి బోధనులోని మేనమామగారి ఇంటికి ప్రయాణమయ్యేవారము. ఎడపల్లి దాటినామో లేదో పాకం వాసన బస్సులోనికి వచ్చేది. సువాసన అనడానికి వీలులేదు. చెరకు మడ్డి పులుపు కూడా అందులో కలిసి ఉండేది. అయినా పిల్లలమైన మాకు అదే ఊరి పొలిమేర. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం ముందు చెరకుబండ్లు బారులు తీరి ఉండేవి. ఎద్దులు నెమరు వేసేవి. బండివాండ్రు చలి కాచుకొనేవారు. మేమొక గడ లాగుకొన్నా చూచీ చూడనట్లుండేవారు.

మరునాడు అలీసాగర్. 1931లో మంజీరపై పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీరే ఆ జలాశయాన్నీ నింపింది, ఈ చెరకునూ పెంచింది. గుట్టమీది నిజాం విడిదిభవనం దగ్గర కూర్చుండి, అత్తయ్య కట్టి యిచ్చిన సద్ది తినేవారము.

ఉద్యోగరీత్యా ఎక్కడ ఉన్నా ఏటేటా వెళ్ళడం మానలేదు. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. మామయ్య చెరకు మాని వరి వేసినారు. ఆ మాట ఆయన ఎత్తరు, మేమూ అడగము.

మొన్నటి సంక్రాంతికి మా అమ్మాయిని తీసుకొని వెళ్ళినాను. ఎడపల్లి దాటగానే అలవాటు చొప్పున కిటికీ తెరచినాను.

“చలి పెడుతున్నది, నాన్నా” అన్నది.

మూసివేసినాను.